చిన్న కలర్ టీవీ పాడైందా, సిగ్నల్ అందడం లేదా?

సజ్జ మీద నుంచి పాత చిన్న కలర్ టీవీని దించి, దుమ్ము తుడిచి, ప్లగ్గు పెడతారు. తెర నిండా నలుపు తెలుపు చుక్కలు పరుగెడతాయి. స్పీకర్ 'స్స్' అంటూ మోగుతుంది. ఇంట్లోవాళ్లు "పాడైపోయింది, తీసి పక్కన పెట్టు" అనేస్తారు. నిజానికి ఆ టీవీ దాదాపు నిక్షేపంగా ఉంది. చుక్కలు కనబడుతున్నాయంటే పవర్ సప్లై పనిచేస్తోంది, పిక్చర్ ట్యూబ్ వెలుగుతోంది, తెర మీద గీతలు గీసే సర్క్యూట్లు నడుస్తున్నాయి, సౌండ్ కూడా బతికే ఉంది. లేనిదల్లా దానికి అర్థమయ్యే సిగ్నల్.

ఇంకో ఇంట్లో టీవీకి ఉలుకూ పలుకూ ఉండదు. స్విచ్ వేస్తే చిన్న లైటు కూడా వెలగదు. కానీ లోపల పోయింది ఒక ఫ్యూజు, దాని వెనక ఒక డయోడ్, అంతే. మూడో ఇంట్లో బొమ్మ వస్తుంది. కాకపోతే మసకగా, ఓ పది నిమిషాలు వేడెక్కాక, మొహాలు పాలిపోయిన రంగులో వస్తుంది. చూసినవాళ్లు "ఇది నయం, కొంచెం ట్యూనింగ్ చేస్తే చాలు" అనుకుంటారు. మూడింటిలో బాగుచేయడం అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

బయటికి కనిపించే తీవ్రతకీ, లోపలి నష్టానికీ పొంతన ఉండదు. పాత టీవీల విషయంలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈమధ్య పాత వీడియో గేముల కోసమో, అమ్మానాన్నల జ్ఞాపకంగానో ఈ బుల్లి సెట్లను మళ్లీ దించుతున్నవాళ్లు పెరిగారు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఒకరు రెండు వందల్లో అవుతుందంటారు, ఇంకొకరు తూకానికి వేసెయ్యమంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ వేర్వేరు భాగాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

పాలమూరుకు టీవీ వచ్చిన దారి

పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు, టీవీతో ఉన్న బంధం చాలా పట్టణాల కన్నా పాతది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు ప్రసారం చేశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇనుప జాలీతో చేసిన గొడుగు యాంటెనా, దాని కింద ఊరందరికీ కలిపి ఒక నలుపు తెలుపు సెట్టు. ఆ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

రంగులు 1982లో వచ్చాయి. ఆ ఏడు ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కు కొంచెం ముందు, ఆగస్టు 15న దూరదర్శన్ కలర్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఊళ్లలోకి రకరకాల చిన్న సెట్లు చేరాయి. దేశంలో తయారైన 14 అంగుళాలవి కొన్ని, గల్ఫ్ వెళ్లినవాళ్లు మోసుకొచ్చినవి కొన్ని. 5, 6 అంగుళాల తెరతో, పైన పిడితో, ఇంటి కరెంటుతో పాటు 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచే అసలైన పోర్టబుల్ సెట్లు అరుదుగా వచ్చాయి. ఈ వ్యాసంలో 'చిన్న సెట్టు' అంటే ఇవన్నీ. ఏ దేశపు మార్కెట్ కోసం తయారైందన్నది రిపేరులో చాలా ముఖ్యం. ఆ సంగతి ముందుకెళ్లాక చూద్దాం.

డబ్బా లోపల ఏముంటుంది

వెనక మూత తీస్తే ముందుగా కనిపించేది పిక్చర్ ట్యూబ్. గాలి పూర్తిగా తీసేసిన గాజు బుడ్డి అది. సన్నటి మెడ లోపల ఎర్ర, పచ్చ, నీలం రంగుల కోసం మూడు క్యాథోడ్లు ఉంటాయి. వాటిని ఒక చిన్న ఫిలమెంట్ వేడిచేస్తుంది. వేడెక్కిన క్యాథోడ్ల నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి తెర వైపు దూసుకెళ్తాయి. తెరకు వెనక సన్నటి రంధ్రాలున్న లోహపు రేకు, షాడో మాస్క్, అడ్డంగా ఉంటుంది. ఎర్ర క్యాథోడ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు తెర మీద ఎర్రగా వెలిగే పూత, అంటే ఎర్ర ఫాస్ఫర్, మీదే పడేలా చూడటం దాని పని. 1968లో సోనీ తెచ్చిన ట్రినిట్రాన్‌లో ఈ రేకు బదులు నిలువు తీగల జాలీ ఉంటుంది, సూత్రం మాత్రం అదే.

ట్యూబ్ మెడ చుట్టూ రాగి తీగల చుట్ట ఉంటుంది. అదే యోక్. ఎలక్ట్రాన్ పుంజాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ వంచేది అదే. ఒకే గట్టు నుంచి విత్తనం చల్లుకుంటూ వెళ్లి, ఖాళీ చేత్తో మళ్లీ మొదటి గట్టుకే పరుగెత్తి వచ్చి పక్క సాలు పట్టే మనిషిలా, ఆ పుంజం ఎడమ నుంచి కుడికి గీత గీస్తుంది, చీకట్లో వెనక్కి వచ్చి కింది గీత మొదలుపెడుతుంది. మన దేశంలో వాడిన పాల్ అనే ప్రసార పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. అంటే ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. పాత టీవీ వేయగానే పిల్లలకు వినిపించి చాలామంది పెద్దలకు వినిపించని సన్నటి కీచు శబ్దం ఈ 15,625 హెర్ట్జ్‌దే. మెకానిక్‌కు అదొక ఆధారం. తెర నల్లగా ఉన్నా ఆ కీచు వినబడుతోందంటే గీతల సర్క్యూట్ నడుస్తున్నట్టే.

బోర్డు మీది పనిని నాలుగు భాగాలుగా చూడొచ్చు. మొదటిది పవర్ సప్లై, మెకానిక్‌ల మాటలో ఎస్‌ఎంపీఎస్. ఇంటి కరెంటును తీసుకుని, 14 అంగుళాల సెట్టయితే సాధారణంగా 100 నుంచి 115 వోల్టుల మధ్య ఒక నిలకడైన డీసీగా మారుస్తుంది. రెండోది లైన్ సెక్షన్. ఒక పెద్ద ట్రాన్సిస్టర్, దాని పక్కన ఎల్‌ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మర్. ఇవి అడ్డగీతలను నడిపించడమే కాక, ట్యూబుకు కావాల్సిన 20 వేల వోల్టులకు పైబడిన ఈహెచ్‌టీ అనే అతి ఎక్కువ వోల్టేజిని కూడా పుట్టిస్తాయి. మరీ చిన్న ట్యూబులకు ఇంత అవసరం ఉండదు. మూడోది వర్టికల్ సెక్షన్, గీతలను పైనుంచి కిందికి పరిచేది. నాలుగోది సిగ్నల్ వైపు: ట్యూనర్, రంగులు విడదీసే ఐసీ, సౌండ్, ట్యూబ్ మెడకు తగిలించిన చిన్న బోర్డు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా సెట్లలో వర్టికల్ సెక్షన్‌కూ, ట్యూబ్ ఫిలమెంట్‌కూ, వీడియో ట్రాన్సిస్టర్లకూ కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచి రాదు, ఎల్‌ఓటీ నుంచే వస్తుంది. కాబట్టి లైన్ సెక్షన్ ఆగితే తెర, వెలుగు, ఒక్కోసారి సౌండ్ కూడా ఒకేసారి పోతాయి. పోయినవి నాలుగు, చెడింది ఒకటి.

మన ఎండ, మన కరెంటు

నల్లగొండ జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల ఇంట్లో, గోడకు ఆనించి పెట్టిన టీవీ లోపల ఆ వేడి ఇంకా ఎక్కువ. దీని దెబ్బ ముందుగా తినేవి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు, అంటే ఛార్జిని దాచి ఉంచే, డబ్బీల్లా నిలబడి ఉండే భాగాలు. వాటి లోపల తడి ద్రావణం ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది ఆరిపోతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క కట్టి చూడొచ్చు. కండెన్సర్ మీద 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని లెక్క ఉందనుకోండి. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న అంచనా. 65 డిగ్రీల దగ్గర 8000 గంటలు, 55 దగ్గర 16,000. రోజుకు 4 గంటలు టీవీ చూస్తే మొదటిది సుమారు ఐదున్నరేళ్లు, రెండోది దాదాపు 11 ఏళ్లు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ టీవీ చల్లటి గదిలో రెట్టింపు కాలం బతికిందంటే అందులో వింతేం లేదు. వాడకుండా సజ్జ మీద పెట్టినా కండెన్సర్‌కు విశ్రాంతి దొరకదు. లోపలి ఆక్సైడ్ పొర కాలంతో బలహీనపడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పేలిపోయేవి ఉంటాయి.

రెండోది కరెంటు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ సెట్లు మాత్రం అంతకుముందు కాలంలో బతికినవి. బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే ఇంట్లో బల్బు ఎర్రబడిపోయిన రోజులవి. ఎస్‌ఎంపీఎస్ తక్కువ వోల్టేజిలో కూడా బొమ్మ చూపిస్తుంది, కానీ ఊరికే చూపించదు. 50 వాట్లు తీసుకునే సెట్టు 230 వోల్టుల దగ్గర స్థూలంగా 0.22 ఆంపియర్లు లాగితే, 150 దగ్గర 0.33 లాగుతుంది. ఆ అదనపు కరెంటంతా ఒక చిన్న స్విచింగ్ ట్రాన్సిస్టర్ గుండానే పోవాలి. వేడెక్కి వేడెక్కి అదొకరోజు షార్టవుతుంది.

మూడోది దుమ్ము, పురుగులు. మూత తీసిన సెట్టు లోపల చెల్క దుమ్ము ఎర్రగా మెత్తగా పేరుకుని ఉంటుంది. ఈహెచ్‌టీ ఆకర్షణకు ట్యూబ్ పైనున్న రబ్బరు కప్పు చుట్టూ అది నల్లటి మసిలా అంటుకుంటుంది. ఎల్‌ఓటీ సందుల్లో బల్లి గుడ్డు పెంకులు, బొద్దింకల రెట్ట కనబడతాయి. వానాకాలంలో ఆ మసి తేమ పీల్చుకుని కరెంటుకు దారి ఇస్తుంది. 'చిట్ చిట్' మని నీలి మెరుపులు వచ్చేది అప్పుడే. చాలాసార్లు అక్కడ శుభ్రంగా తుడిచి ఆరబెట్టడమే రిపేరు.

ఒకే గీత వచ్చినప్పుడు

"ఏం లేదన్నా, నడిమిట్ల ఒక్క గీతే వస్తుంది" అంటూ తెచ్చే సెట్లు ఏ మెకానిక్‌కైనా బాగా తెలుసు. తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత, పైనా కిందా చీకటి.

ఆ గీతను చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. గీత ఎడమ నుంచి కుడిదాకా నిండుగా ఉందంటే లైన్ సెక్షన్ బాగుంది, ఈహెచ్‌టీ ఉంది, ట్యూబ్ వెలుగుతోంది, పవర్ సప్లైకి ఢోకా లేదు. గీతలను కిందికి పరిచే పని ఒక్కటే ఆగింది. అంటే అనుమానమంతా వర్టికల్ సెక్షన్ మీదికే వస్తుంది. అక్కడ ఉండేవి కొన్నే: వర్టికల్ ఐసీ, దానికి చాలా సెట్లలో 24 వోల్టుల అటూఇటూ వచ్చే సప్లై, ఆ సప్లై దారిలో ఒక చిన్న విలువ ఫ్యూజిబుల్ రెసిస్టర్, ఒకటి రెండు కండెన్సర్లు, యోక్‌కు వెళ్లే పిన్నులు.

పిన్నుల దగ్గర కాసేపు ఆగాలి. బోర్డును తిప్పి, భూతద్దంతో వర్టికల్ ఐసీ కాళ్ల వైపు, యోక్ కనెక్టర్ వైపు చూస్తే కొన్నిటి చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి నల్ల గీత కనిపిస్తుంది. సీసం ముద్ద బోర్డుకు అంటుకునే ఉంటుంది, పిన్ను కూడా అందులోనే ఉంటుంది, కానీ రెండింటికీ మధ్య చుట్టూ పగులు. వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, వేల సార్లు అలా జరిగాక వచ్చిన పగులు అది. దీన్నే డ్రై సోల్డర్ అంటారు. టీవీని పక్క నుంచి కొడితే బొమ్మ రావడం వెనకున్న రహస్యం చాలాసార్లు ఇదే. పగులు ఒక్క క్షణం కలుస్తుంది, మళ్లీ విడిపోతుంది.

ఇక్కడ తొందరపడి ఐసీ మార్చేస్తే డబ్బు దండగ. ఫ్యూజిబుల్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే మాత్రం అది ఊరికే తెగదు. చాలాసార్లు ఐసీ షార్టయి ఎక్కువ కరెంటు లాగడం వల్లే తెగుతుంది. డ్రై సోల్డర్ అయితే ఒక చుక్క సీసంతో పోయే పని, ఐసీ అయితే ఐసీ, రెసిస్టర్ రెండూ మార్చే పని. ఒకే గీత, రెండు కారణాలు, రెండు ఖర్చులు. ఇద్దరు మెకానిక్‌లు రెండు ధరలు చెప్పడానికి ఇదొక కారణం. ఇంకో సంగతి, ఆ గీతను ఎక్కువసేపు అలాగే వెలగనిస్తే ఫాస్ఫర్ అక్కడే కాలిపోయి శాశ్వతంగా మచ్చ పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు బ్రైట్‌నెస్ తగ్గిస్తారు.

పూర్తిగా చచ్చిన సెట్టు

ఇక్కడ ఫ్యూజు గాజు చాలా చెబుతుంది. లోపల తీగ మాత్రమే తెగి గాజు తేటగా ఉంటే, వయసుతోనో చిన్న ఒత్తిడితోనో పోయి ఉండొచ్చు. గాజంతా నల్లగా, వెండి మెరుపుతో మాడిపోయి ఉంటే లోపల ఎక్కడో గట్టి షార్టు ఉంది. బ్రిడ్జ్ డయోడ్లు, స్విచింగ్ ట్రాన్సిస్టర్, తెర వెనక రేకుకు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్‌కు వెళ్లే పీటీసీ అనే భాగం, ఈ మూడింటి మీద అనుమానం పడుతుంది. అలాంటప్పుడు ఇంకో ఫ్యూజు వేస్తే అది కూడా మాడుతుంది.

దీనికి మన మెకానిక్‌లు వాడే ఉపాయం సిరీస్ బల్బు. 60 లేదా 100 వాట్ల పాత తీగ బల్బును టీవీతో వరుసలో కలుపుతారు. లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటంతా దాని మీదే పడుతుంది, టీవీలో ఇంకేమీ కాలదు. షార్టు లేకపోతే మొదట డీగాసింగ్ కాయిల్ కోసం ఒకసారి వెలిగి, తర్వాత మసకబడుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, తీగ బల్బే కావాలి.

బ్యాటరీ మీద నడిచే పోర్టబుల్ సెట్లది ఇంకో కథ. 40 వాట్ల సెట్టు 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు లేని రాత్రి ట్రాక్టర్ బ్యాటరీకి క్లిప్పులు తగిలించబోయి ప్లస్, మైనస్ తారుమారైతే, సెట్టును కాపాడటానికి పెట్టిన డయోడ్ తనే షార్టయి ఫ్యూజును తెంపేస్తుంది. చూడటానికి సెట్టు చచ్చినట్టే. నిజానికి డయోడ్ తన పని తను చేసింది. ఆ రెండూ మారిస్తే సెట్టు లేస్తుంది.

రంగులు ఎటు పోయాయి

రంగుల గోల నాలుగు రకాలు, నాలుగింటికీ కారణాలు వేరు.

తెర ఒక మూల పచ్చగా, ఇంకో మూల ఊదాగా మరకలు పడితే లోపలి రేకు అయస్కాంతమైంది. పక్కన పెద్ద స్పీకర్ పెట్టినా, పిల్లలు అయస్కాంతంతో ఆడినా ఇలా అవుతుంది. టీవీ వేయగానే 'ఢుమ్' అనే శబ్దంతో పనిచేసే డీగాసింగ్ కాయిల్ దీన్ని సరిచేయాలి. పీటీసీ పోతే ఆ 'ఢుమ్' వినబడదు, మరకలు అలాగే ఉంటాయి.

బొమ్మంతా ఒకే రంగు వైపు ఒరిగితే మూడు రంగుల్లో ఒకటి పోయింది. ఎరుపు పోతే మిగిలిన పచ్చ, నీలం కలిసి సముద్రపు రంగు, పచ్చ పోతే ఊదా గులాబీ, నీలం పోతే పసుపు. మెడ దగ్గరి బోర్డులో ఆ రంగు ట్రాన్సిస్టర్‌ను చూడాలి. దానికి పూర్తి విరుద్ధంగా, తెరంతా ఒకే రంగు నిండిపోయి ఏటవాలు గీతలతో మెరుస్తుంటే ఆ రంగు ట్రాన్సిస్టర్ షార్టయినట్టు, లేదా ట్యూబ్ లోపలే ఆ క్యాథోడ్ దేనికో తగిలినట్టు. మొదటిది చిన్న ఖర్చు. రెండోది ట్యూబ్ జబ్బు.

బొమ్మ నలుపు తెలుపుగా చక్కగా వచ్చి రంగు మాత్రం లేకపోతే, రంగు ఐసీ పక్కనుండే 4.43 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పోయి ఉండొచ్చు, సిగ్నల్ బలహీనంగా ఉండొచ్చు, అసలు పద్ధతే వేరు కావచ్చు.

ఇక చివరిది, వ్యాసం మొదట్లో చెప్పిన పాలిపోయిన బొమ్మ. క్యాథోడ్ల మీది పూత అరిగిపోయి ఎలక్ట్రాన్లు చాలినన్ని రావడం లేదు. బోర్డు మీద ఎన్ని భాగాలు మార్చినా ఉపయోగం ఉండదు.

చుక్కల తెర వెనకున్న అసలు కారణం

దూరదర్శన్ తన పాత అనలాగ్ టవర్ ప్రసారాలను 2022 నాటికి కొద్దిచోట్ల తప్ప దేశమంతా ఆపేసింది. కేబుల్ అంతకుముందే డిజిటల్ అయింది. మిద్దె మీది అల్యూమినియం యాంటెనాకు వైరు తగిలిస్తే ఇప్పుడు చుక్కలే వస్తాయి. సెట్టుకూ ప్రసారానికీ మధ్య దుబాసీ కావాలి, అంటే సెట్‌టాప్ బాక్స్. నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ బాక్సయినా సరే, ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ (ఆడియో, వీడియో) పిన్నులున్నది అయితే చాలు.

కానీ 1980ల నాటి చిన్న సెట్లలో చాలావాటికి ఈ ఆడియో-వీడియో (ఏవీ) సాకెట్లే ఉండవు, యాంటెనా రంధ్రం ఒక్కటే. వాటికి ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా కావాలి. అది ఏవీ సిగ్నల్‌ను పాత ఛానల్‌గా మార్చి యాంటెనా దారిలో పంపుతుంది.

సెట్టు ఏ దేశానికి తయారైందన్న ప్రశ్న ఇక్కడ ముందుకొస్తుంది. మన పద్ధతిలో బొమ్మకూ శబ్దానికీ మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్. హాంకాంగ్, బ్రిటన్ సెట్లలో 6, చైనా సెట్లలో 6.5. మాడ్యులేటర్ 6.5 దగ్గర ఉండి సెట్టు 5.5 కోసం వెతుకుతుంటే బొమ్మ అద్దంలా వస్తుంది, మాట మాత్రం రాదు, బుస వినబడుతుంది. సౌండ్ ఐసీ మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే అది చెడలేదు. జపాన్, అమెరికా సెట్లయితే ఎన్‌టీఎస్‌సీ పద్ధతి: 525 గీతలు, 3.58 మెగాహెర్ట్జ్ రంగు. పాల్ సిగ్నల్ ఇస్తే బొమ్మ నిలువునా దొర్లుతుంది, రంగు రాదు. చాలా సెట్‌టాప్ బాక్సుల మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చే వీలుంటుంది. అక్కడ మారిస్తే 'చెడిపోయిన' టీవీ మామూలైపోతుంది.

జపాన్ సెట్టుకు ఇంతకన్నా పెద్ద ప్రమాదం ప్లగ్గు దగ్గరే పొంచి ఉంటుంది. వెనక రేకు మీద 100 వోల్టులు అని రాసి ఉంటే లోపలి ప్రధాన కండెన్సర్ దాదాపు 141 వోల్టుల డీసీ కోసం పెట్టినది, సాధారణంగా 200 వోల్టుల రకం. మన 230 వోల్టులు నేరుగా ఇస్తే అది 325 వోల్టులు చూస్తుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే అది పేలిపోవచ్చు.

లోపలి వోల్టేజి గురించి నిజమైన భయం, అపోహ

"టీవీలో 20 వేల వోల్టులుంటాయి, ముట్టుకుంటే మాడిపోతారు" అన్న మాటలో నిజముంది, కానీ అసలు ముప్పు మరోచోట ఉంది. ట్యూబ్ గాజే ఒక కండెన్సర్‌లా ఛార్జి పట్టి ఉంచుతుంది, కొన్ని సెట్లలో ప్లగ్గు తీసిన చాలా కాలం దాకా. ఒక నానోఫారాడ్ సామర్థ్యం, 22 వేల వోల్టులు అనుకుంటే అందులో దాచిన శక్తి దాదాపు 0.24 జౌల్. ప్రధాన కండెన్సర్ 100 మైక్రోఫారాడ్, 325 వోల్టులు అనుకుంటే 5.3 జౌల్. ఇరవై రెట్లకు పైనే. పేరుమోసింది ట్యూబే అయినా, బోర్డు మూలన ఉండే డబ్బీ కండెన్సర్ ఎక్కువ ప్రమాదకరం. ట్యూబ్ షాక్ తక్కువ శక్తిదే అయినా చెయ్యి ఉలిక్కిపడి వెనక్కి లాక్కునేటప్పుడు ట్యూబ్ మెడ విరుగుతుంది, లేదా చెయ్యి వెళ్లి ఇంకో కరెంటు తీగ మీద పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రెండింటినీ ఖాళీ చేశాకే పని మొదలుపెడతారు.

కొన్ని చిన్న సెట్లలో ఛాసిస్, అంటే లోపలి బోర్డూ లోహపు చట్రమూ, మొత్తం ఇంటి కరెంటుకు నేరుగా కలిసి ఉంటుంది. దీన్ని హాట్ ఛాసిస్ అంటారు. ఇలాంటి సెట్టుకు ఏవీ సాకెట్ బిగించమని అడగడం ప్రాణాంతకం, ఎందుకంటే బయటికి వచ్చిన ఆ పిన్నులోనే కరెంటు ఉంటుంది. నన్నడిగితే ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. మాడ్యులేటర్ వాడి యాంటెనా దారినే పోవడం మేలు.

లైన్ ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గర ఉండే చిన్న కండెన్సర్, 1600 లేదా 2000 వోల్టుల రకం, ఇంకో సున్నితమైన భాగం. దాని విలువ తగ్గితే ఈహెచ్‌టీ ఎగబాకుతుంది. ట్రాన్సిస్టర్లు వరసగా కాలిపోతాయి, మరీ పెరిగితే ఎక్స్‌రేలు కూడా ఎక్కువవుతాయి. అందుకే 'దగ్గర దగ్గర విలువ' దొరికింది కదా అని అక్కడ సర్దుకోవడం కుదరదు.

మెకానిక్‌లలో ఉన్న భిన్నాభిప్రాయాలు

పాత సెట్టు రాగానే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ మార్చేయాలని కొందరంటారు. ఒకటి ఆరిపోయిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయి, కోఠి గుజరాతీ గల్లీలో టోకున కొంటే పెద్ద ఖర్చు కాదు, మళ్లీ మళ్లీ మూత తీసే బాధ తప్పుతుంది అన్నది వాళ్ల వాదన. ఇంకొందరు చెడిందే మార్చాలంటారు. పాత బోర్డు మీద రాగి పట్టీలు పలచబడి ఉంటాయి, యాభై చోట్ల వేడి ఇనుము పెడితే కొన్ని లేచిపోతాయి, లేని తప్పు కొత్తగా పుడుతుంది అంటారు. రెండు వాదనల్లోనూ బలముంది. ఎల్‌ఓటీ, ఎస్‌ఎంపీఎస్, వర్టికల్ ఐసీ పక్కన వేడిలో ఉన్న కండెన్సర్లు మార్చి, చల్లటి మూలల్లో ఉన్నవాటి జోలికి పోకపోవడం నాకు సబబుగా తోస్తుంది. వేడి ఎక్కడుంటే అరుగుదల అక్కడే కదా.

ట్యూబ్ బూస్టింగ్ మీద ఇంకా పెద్ద తగవు. 6.3 వోల్టుల ఫిలమెంట్‌కు కాసేపు ఎక్కువ వోల్టేజి ఇచ్చి క్యాథోడ్‌ను మళ్లీ చురుగ్గా చేయొచ్చన్నది పాత పద్ధతి. పనిచేసినప్పుడు బొమ్మ కొత్తదానిలా వెలుగుతుంది. ఎన్నాళ్లుంటుందో ఎవరూ మాటివ్వలేరు, కొన్ని ట్యూబులు ఆ ప్రయత్నంలోనే పోతాయి. కొత్త పిక్చర్ ట్యూబులు తయారుచేసేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు కాబట్టి పోతే మళ్లీ దొరకదు. ఎలాగూ చూడలేని స్థితిలో ఉంటే ప్రయత్నిస్తే తప్పేంటని ఒకరు, మసకగానైనా ఉన్నది ఉండనీ అని ఇంకొకరు. ఇది సెట్టు యజమాని తేల్చుకోవాల్సిన విషయం, మెకానిక్ ఒక్కడే తేల్చేది కాదు.

పెట్టె అలాగే ఉంచి లోపల ఎల్‌సీడీ ప్యానెల్ బిగించేవాళ్లూ ఉన్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పాత తుపాకీ ఆటల్లాంటి కొన్ని వీడియో గేములు ఎలక్ట్రాన్ పుంజం తెర మీద ఎప్పుడు ఎక్కడ ఉందన్న సమయం మీదే ఆధారపడి పనిచేస్తాయి. ఎల్‌సీడీ మీద అవి ఆడవు. ట్యూబు బాగున్న సెట్టును అలా ఖాళీ చేయడం చూస్తే నాకు బాధేస్తుంది. ట్యూబు పగిలిన సెట్టుకైతే అభ్యంతరం లేదు.

ఇక బాగవదని తేలినప్పుడు

ట్యూబు పోయి, దానికి సరిపోయే ఎల్‌ఓటీ కూడా దొరకకపోతే ఆ సెట్టు ఇక లేవదు. అప్పుడు అది మామూలు పాత సామాను కాదు. ట్యూబ్ వెనక భాగపు గాజులో సీసం కలిసి ఉంటుంది. రాగి కోసం యోక్ పీకి, గాజును చెరువు గట్టునో ఊరి బయటో పగలగొట్టి పోసేస్తే ఆ ముక్కలు అక్కడే మిగులుతాయి. పగిలేటప్పుడు లోపలి శూన్యం వల్ల గాజు ముక్కలు ఎగిరి కళ్లకు తగిలే ప్రమాదమూ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం టీవీలు ఈ-వ్యర్థాల జాబితాలోకే వస్తాయి. వాటిని నమోదైన రీసైక్లర్‌కే చేర్చాలి.

అంతకుముందు అందులోంచి బతికున్నవి తీసి దాచుకోవచ్చు. ఎల్‌ఓటీ, ట్యూనర్, క్రిస్టల్, రిమోట్, ట్యూబ్ సాకెట్, వెనక మూత బిగించే మరలు కూడా అదే మోడల్ ఇంకో సెట్టుకు అక్కరకొస్తాయి. బాగున్న ట్యూబ్ దొరికితే మాత్రం దాని మెడ నుంచి యోక్‌ను విడదీయకూడదు. యోక్ వెనకుండే చిన్న అయస్కాంతపు రింగులను ఫ్యాక్టరీలో ఆ ఒక్క ట్యూబుకు తగినట్టు తిప్పి, రంగుతో సీలు వేసి ఉంటారు. అవి కదిలితే మూడు రంగులు ఒకే చుక్క మీద పడటం మానేస్తాయి. మళ్లీ కుదర్చడానికి తెర మీద పరీక్ష గీతలు చూపే ప్యాటర్న్ జనరేటర్, చాలా ఓపిక కావాలి. అందుకే పాతకాలం మెకానిక్‌లు ట్యూబును, యోక్‌ను జంటగానే తీసి, జంటగానే గోనెపట్టాలో చుట్టి పెడతారు.